హాలోవీన్ డిన్నర్ కిట్: పుర్రెల మౌల్డ్‌కి పూర్తి మార్కులు, రంగు ప్యాకెట్లకి సున్నా

ఈ కిట్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా: ఇందులో డబ్బు పెట్టదగ్గవి రెండే, సిలికాన్ పుర్రెల మౌల్డు, స్టీలు కట్టర్లు. ఆ రెండూ చేతిలో ఉంటే మన వంటింట్లో ఉన్న పిండితో, కూరగాయలతోనే పిల్లలు కెవ్వుమని అరిచి మరీ తినే డిన్నర్ తయారవుతుంది. మిగతా ప్యాకెట్లలో కొన్ని అనవసరం, ఒకటి రెండు అయితే తిండిలో కలపకూడనివి. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే అక్టోబరు రాగానే హైదరాబాద్‌లో ఇలాంటి డబ్బాలు అమ్మేవాళ్లు ఏటా పెరుగుతున్నారు, డబ్బా మీది బొమ్మ చూసి కొనేస్తున్నాం.

నేను తీసుకున్నది 2025 హాలోవీన్‌కి, నగరంలోనే ఉన్న ఒక ఆన్‌లైన్ పార్టీ సామాన్ల కొట్టు నుంచి. ధర 1,499 రూపాయలు, డెలివరీ వేరే. డబ్బాలో ఉన్నవి: ఆరు పుర్రెల సిలికాన్ మౌల్డు, గబ్బిలం, దెయ్యం, గుమ్మడికాయ ఆకారాల్లో మూడు స్టీలు కట్టర్లు, ఫ్రోజెన్ పఫ్ షీట్లు, నల్ల పాస్తా ప్యాకెట్, నల్ల పొడి సాచెట్, సిరంజిలో ఎర్రటి 'రక్తం' సాస్, ఒక మయొనైజ్ పౌచ్, గుప్పెడు ప్లాస్టిక్ సాలీళ్లు, వంట ఎలా చెయ్యాలో చెప్పే కార్డు.

ఆలోచన మాత్రం చాలా బాగుంది, అది ఒప్పుకోవాలి. గచ్చిబౌలి, కొండాపూర్, నల్లగండ్ల వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో అక్టోబరు 31 సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకుని ఫ్లాట్ ఫ్లాట్‌కీ తిరిగి సంచులు నింపుకుంటారు, అన్నీ చాక్లెట్లే. బేకరీలు కూడా కప్ కేకులు, కుకీల మీదే పడతాయి. రాత్రి ఎనిమిదింటికి పిల్లల కడుపులో తీపి తప్ప ఇంకేం ఉండదు, అప్పుడు వాళ్లకి కావాల్సింది ఉప్పూ కారం ఉన్న వేడి తిండి, అది కూడా ఆ వేషాల హుషారు పోకుండా. ఆ మూడ్‌లో ఉన్న పిల్లల ముందు మామూలు పప్పన్నం పెడితే కంచం వైపు చూడరు. అందుకే కారం డిన్నర్‌కి కిట్ అనగానే నేను ఆర్డర్ పెట్టేశాను.

ఇక్కడ మన క్యాలెండర్ సంగతి కూడా ఉంది. 2024లో అక్టోబరు 31నే దీపావళి పడింది, కాబట్టి మా అపార్ట్‌మెంట్‌లో హాలోవీన్ ఊసే లేదు. 2025లో ఆ రోజు శుక్రవారం, కార్తీకమాసం నడుస్తోంది. మా ఇంట్లో ఆ నెలంతా మాంసం, చేపలు, గుడ్లు ఉండవు, అత్తయ్య ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టుకోరు. వచ్చే పిల్లల ఇళ్లల్లోనూ చాలామందికి అదే పద్ధతి. వెబ్‌సైట్‌లో ఈ కిట్‌కి వెజ్ అని రాసి ఉంది కాబట్టే కొన్నాను.

డబ్బా విప్పి నల్ల పాస్తా ప్యాకెట్ తిప్పి చూస్తే వెనకాల గోధుమరంగు త్రికోణం గుర్తు. నాన్‌వెజ్ అన్నమాట. ఆ నలుపు స్క్విడ్ సిరా నుంచి వస్తుంది, స్క్విడ్ సముద్రపు జీవి. పదార్థాల జాబితాలో ఆ మాట స్పష్టంగానే ఉంది, అంటే పాస్తా కంపెనీ దాచలేదు, కిట్ కట్టినవాళ్లు చూసుకోలేదు, బయట డబ్బా మీద మాత్రం ఆకుపచ్చ గుర్తు వేశారు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించింది. శాకాహారి ఇంట్లో తెలియక వండి పెట్టేస్తే? ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, పాస్తా డబ్బులు వెనక్కి వేశారు, కానీ వెబ్‌సైట్‌లో వెజ్ అనే మాట తీసేస్తామని మాత్రం నోటితో అనలేదు. కాబట్టి మీరు ఏ కిట్ కొన్నా బయట గుర్తు నమ్మకండి, లోపలి ఒక్కో ప్యాకెట్ తిప్పి చూడండి. నల్ల పాస్తా స్థానంలో నేను రాగి సేమియా వాడాను. ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది, ఉడికాక ముదురు గోధుమరంగులో తడిమట్టి లాగే ఉంటుంది, ఆవాలు, పచ్చిమిర్చి, కరివేపాకు తాలింపు వేసి పళ్లెంలో పరిస్తే శ్మశానం నేల రెడీ. దాని మీద దెయ్యం కట్టర్‌తో కోసిన పనీర్ ముక్కలు నిలబెట్టాను. పనీర్ చల్లగా, గట్టిగా ఉన్నప్పుడే కొయ్యాలి, లేకపోతే దెయ్యం తోక విరిగిపోతుంది.

ఇప్పుడు అసలు హీరో, పుర్రెల మౌల్డు. కార్డులో దీన్ని పిజ్జా పిండికి వాడమన్నారు: పిండి నొక్కి, లోపల చీజ్ పెట్టి, 200 డిగ్రీల ఓవెన్‌లో కాల్చాలట. మన ఇళ్లల్లో అందరికీ ఓవెన్ ఎక్కడుంది? నేను ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద పెట్టాను, ఈ కిట్ మొత్తంలో అంతకంటే బాగా కుదిరింది ఇంకొకటి లేదు. ఎలా చెయ్యాలో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది మామూలు ఇడ్లీ రేకు పద్ధతిలో చేస్తే రాదు. పిండి మామూలుగా పోసుకునేదానికంటే కొంచెం గట్టిగా ఉండాలి, పులిసి ఉండాలి, నీళ్లు చేర్చొద్దు. మౌల్డుకి నూనె బ్రష్‌తో రాయాలి, ముఖ్యంగా పళ్ల గీతల్లో, ముక్కు దగ్గర. పిండి ముప్పావు వంతే పోసి, మౌల్డుని బల్ల మీద రెండు మూడు సార్లు మెల్లగా తట్టాలి, గాలి బుడగలు పోకపోతే పుర్రెకి ఒక కన్నే వస్తుంది. సిలికాన్ మెత్తగా వంగుతుంది కాబట్టి కింద ఒక చిల్లుల ప్లేటు పెట్టి దానితో సహా కుక్కర్‌లో దించాలి. గుంటలు లోతుగా ఉంటాయి, పైగా సిలికాన్ వేడిని నెమ్మదిగా లాగుతుంది, అందుకే మామూలు ఇడ్లీ ఉడికే టైమ్ చాలదు, పదిహేను నుంచి ఇరవై నిమిషాలు ఉంచి పుల్ల గుచ్చి చూడాలి. స్టవ్ కట్టేశాక వెంటనే తియ్యొద్దు. పది నిమిషాలు చల్లారనిచ్చి, మౌల్డుని బోర్లించి వెనక నుంచి వేలితో నొక్కితే, చెంప ఎముకలు, పళ్లు, అన్నీ అచ్చుగుద్దినట్టు బయటికొస్తాయి. తెల్లటి ఇడ్లీ కదా, పుర్రెకి అంతకంటే సరైన రంగు లేదు. కళ్ల గుంటల్లో నెయ్యితో తడిపిన కరివేపాకు పొడి పెట్టాను, నల్లగా, లోతుగా కనిపించింది, కొరికినప్పుడు రుచి కూడా అక్కడే తగులుతుంది. వెల్లుల్లి తినేవాళ్లు నల్ల కారం పెట్టుకోండి, ఇంకా బాగుంటుంది.

ఆ పుర్రెల్ని బీట్‌రూట్ చారులో తేల్చాను. బీట్‌రూట్ ఉడికించి, రుబ్బి, వడకట్టి, చింతపండు రసం, చారుపొడి, ఉప్పు, మిరియాలు, ఇంగువ తాలింపు. పసుపు వెయ్యొద్దు, ఎరుపు చెడిపోతుంది. బీట్‌రూట్ రంగు పులుపు ఉంటే నిలుస్తుంది, ఎక్కువసేపు మరిగితే మట్టిరంగుకి దిగిపోతుంది, కాబట్టి చింతపండు పచ్చివాసన వేరే గిన్నెలో పోగొట్టి, బీట్‌రూట్ రసం చివర్లో కలిపి ఒక్క పొంగు రాగానే దించెయ్యాలి. తెల్లటి గిన్నెల్లో వడ్డిస్తే నెత్తురు మడుగులో పుర్రె తేలుతున్నట్టే ఉంటుంది. మామూలుగా బీట్‌రూట్ కూర చూసి మొహం తిప్పుకునే పిల్లలు గిన్నె ఎత్తి తాగేశారు. అత్తయ్య మొదట "ఇదేంటమ్మా, కార్తీకమాసంలో పుర్రెలు తినమంటావా" అన్నారు. మా ఆడపడుచు కొడుకు "అమ్మమ్మా, శివుడి మెళ్లో ఉన్నవి కూడా ఇవే కదా" అనేసరికి ఆవిడ నవ్వేసి, రెండు పుర్రెలు చారులో నంజుకుని తిన్నారు. ఓవెన్ లేదు, మైదా లేదు, పెద్దవాళ్లకీ పిల్లలకీ ఒకటే వంట. కిట్ అమ్మేవాళ్లు ఈ పద్ధతి కార్డు మీద వేసుకుంటే డబ్బాలు రెట్టింపు అమ్ముడుపోతాయి.

ఇక నల్ల పొడి. సాచెట్ వెనక చిన్న అక్షరాల్లో యాక్టివేటెడ్ చార్‌కోల్ అని ఉంది, అంటే ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొడి. అది తినకపోవడమే మంచిది, మరీ ముఖ్యంగా రోజూ మందులు వేసుకునేవాళ్లు. కొన్ని రకాల విషాలు మింగినవాళ్లకి ఆసుపత్రుల్లో ఇదే ఇస్తారు, ఎందుకంటే కడుపులో ఉన్నదాన్ని తన మీద పట్టేసుకుని ఒంట్లోకి వెళ్లనివ్వదు. అదే కారణం వల్ల బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర కూడా పనిచెయ్యకుండా పోవచ్చు. న్యూయార్క్ నగరంలో 2018లో హోటళ్లు దీన్ని తిండిలో, డ్రింకుల్లో కలపకుండా ఆపేశారు. మా ఇంట్లో అత్తయ్య రాత్రి భోజనం కాగానే బీపీ మాత్ర వేసుకుంటారు. పొడి తీసి చెత్తలో పారేశాను. నలుపు కావాలంటే మనకి నల్ల నువ్వులు లేవా? దోరగా వేయించి పొడి కొట్టి చపాతీ పిండిలో కలిపితే బూడిదరంగు వస్తుంది, గబ్బిలం కట్టర్‌తో కోసి పెనం మీద కాలిస్తే అంచులు మాడి ఇంకా నల్లబడతాయి, నువ్వుల కమ్మదనం వేరే. పిల్లలు ఆ గబ్బిలాలతో పనీర్ దెయ్యాల్ని ఎత్తుకుపోయారు.

ఎర్ర సాస్ సిరంజి మీద ఐఎన్‌ఎస్ 122, 124 అని నంబర్లు, తిండిలో కలిపే రంగులూ రసాయనాలకి ఇచ్చే గుర్తింపు నంబర్లు అవి. కార్మోయిసిన్, పాన్సో 4ఆర్ అనే సింథటిక్ రంగులు. మన దేశంలో తిండికి అనుమతి ఉన్న సింథటిక్ రంగులు ఎనిమిదే, ఇవి ఆ జాబితాలో ఉన్నవే, కాబట్టి చట్టం తప్పారని అనను. కానీ 2024లో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో, కబాబుల్లో రంగులు వాడొద్దని నిషేధం పెట్టిందంటే, విచ్చలవిడిగా కలపడం ఎంతవరకు పోయిందో అర్థం చేసుకోవచ్చు. పైగా ఇది తియ్యగా, స్ట్రాబెర్రీ సిరప్‌లా ఉంది! కారం డిన్నర్ కిట్‌లో తియ్యటి రక్తం ఎవరు పెట్టమన్నారో నాకు అర్థం కాలేదు. సిరంజి మాత్రం బాగుంది. లోపలిది పారబోసి, వేడినీళ్లతో కడిగి, టమాటా, బ్యాడగీ మిర్చి చట్నీని మెత్తగా రుబ్బి వడకట్టి నింపాను. బ్యాడగీ మిర్చికి రంగు ఎక్కువ, కారం తక్కువ, పిల్లలకి సరిపోతుంది. ఎవరి కంచంలో వాళ్లు రక్తం చిమ్ముకోమని సిరంజి చేతికిస్తే దానికోసమే కొట్టుకున్నారు, అందుకని చట్నీ ముందే ఎక్కువ చేసి పెట్టుకోండి.

పఫ్ షీట్లు. డెలివరీ చెప్పిన టైమ్‌కే వచ్చింది కానీ ఐస్ ప్యాక్ పూర్తిగా కరిగిపోయి షీట్లు మెత్తబడి ఉన్నాయి. పఫ్ పొరలు పొరలుగా పొంగాలంటే మధ్యలో ఉన్న కొవ్వు గట్టిగా ఉండాలి. మెత్తబడితే అది పిండిలోకి ఇంకిపోతుంది, తర్వాత మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టినా ఆ పొరలు తిరిగి రావు. సగం షీట్లు వాడదగ్గట్టు లేవు. మిగిలినవాటిని ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి వేలి సగం వెడల్పు పట్టీలుగా కోసి మమ్మీలు, అదే గుడ్డపట్టీలు చుట్టిన శవాల బొమ్మలు చేశాను. కార్డులో సాసేజ్‌కి చుట్టమని ఉంది, నేను బజ్జీ మిరపకాయలకి చుట్టాను. మిరపకాయ చీల్చి, గింజలు తీసి, మన మిర్చి బజ్జీకి పెట్టినట్టే నువ్వులు, చింతపండు, జీలకర్ర, ఉప్పు ముద్ద కూరి, పైన పట్టీలు అడ్డదిడ్డంగా చుట్టి, కళ్ల దగ్గర కాస్త ఖాళీ వదిలాను. ఎయిర్ ఫ్రయర్‌లో 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాల్లో ఎర్రగా కాలాయి. పట్టీలు బిగించి చుట్టొద్దు, పొంగేటప్పుడు తెగిపోతాయి. కళ్లకి రెండు మిరియపు గింజలు గుచ్చాను, చిన్నపిల్లలకి ఇచ్చేటప్పుడు అవి తీసేశాను. షీట్లు సరిపోక, కర్రీ పఫ్‌లు చేసే మా వీధి బేకరీలో పచ్చి పిండి అడిగితే తూకం వేసి ఇచ్చారు. నిజం చెప్పాలంటే ఆ పిండే కిట్‌లోదానికంటే బాగా పొంగింది. మీ దగ్గర బేకరీలో కూడా అడిగి చూడండి, ఉదయం వెళ్తే పిండి దొరికే అవకాశం ఎక్కువ.

మయొనైజ్ గుడ్డు లేనిదే, లేబుల్ మీద ఉంది, రుచి ఫర్వాలేదు. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయొనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది, హైదరాబాద్‌లో మోమోలు తిని జనం ఆసుపత్రి పాలైన తర్వాత. అప్పటినుంచి నేను ఎక్కడ మయొనైజ్ కనిపించినా గుడ్డు ఉందా లేదా చూస్తాను. ప్లాస్టిక్ సాలీళ్లు మాత్రం తిండి దగ్గరికే రానివ్వకండి. వేలి గోరంత ఉన్నాయి, చీకట్లో, కేకల మధ్య మూడేళ్ల పిల్లాడు నోట్లో పెట్టేసుకుంటే ఏం చేస్తాం? నల్ల ఆలివ్‌ని నిలువుగా సగం కోస్తే పొట్ట, ఇంకో సగాన్ని సన్నగా తరిగితే కాళ్లు, అదీ సాలీడే, పైగా తినొచ్చు.

కిట్‌తో పాటు ఇంకో 399 పెడితే డ్రై ఐస్ పంపుతామని ఆప్షన్ ఉంది, గిన్నెల్లోంచి పొగలు రావడానికి. దయచేసి పిల్లల డిన్నర్‌లో అది వద్దు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, మైనస్ 78 డిగ్రీలు ఉంటుంది, చర్మానికి తగిలితే కాలినట్టే పుండు పడుతుంది. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక కెఫేలో మౌత్ ఫ్రెషనర్ అనుకుని దీన్ని నోట్లో వేసుకున్న ఐదుగురు రక్తం కక్కుకుని ఆసుపత్రిలో చేరారు. పొగే కావాలంటే చారు పొగలు కక్కుతుండగా వడ్డించండి, హాల్లో ఒక మూల, పిల్లలకి అందనంత ఎత్తులో సాంబ్రాణి వెయ్యండి, కిటికీ కాస్త తెరిచి ఉంచండి. లైట్లు తగ్గించాక ఆ పొగే బోలెడంత భయం పుట్టించింది.

కిట్‌లో లేనిది, నేను సొంతంగా చేర్చింది ఒకటుంది, చెప్పకుండా ఉండలేను: రంగు మారే పులిహోర. శంఖపుష్పం, అదే నీలం పువ్వు తీగ, చాలా ఇళ్ల గోడల మీద ఉంటుంది. గుప్పెడు పూలు తొడిమలు తీసేసి వేడినీళ్లలో నానబెడితే నీళ్లు ముదురు నీలం అవుతాయి, ఆ నీళ్లతో అన్నం వండాలి. తాలింపు పల్లీలు, శనగపప్పు, పచ్చిమిర్చి, ఇంగువ, మామూలే, పసుపు మాత్రం వెయ్యకూడదు. నిమ్మరసం వంటింట్లో కలపొద్దు, అదే కీలకం. నీలం అన్నం కంచాల్లో వడ్డించి, ఒక్కొక్కరి చేతికి నిమ్మ చెక్క ఇచ్చి పిండమనండి, పులుపు తగిలిన చోటల్లా నీలం కాస్తా ఊదారంగులోకి మారిపోతుంది. పిల్లలు మంత్రాలు చదువుతూ పిండారు. దీన్ని నారింజరంగు క్యాప్సికంలో కూరితే ఇంకా బాగుంటుంది. హాలోవీన్‌కి గుమ్మడికాయ మీద భయంకరమైన మొహం చెక్కడం ఆనవాయితీ కదా, ఎర్రగడ్డ రైతుబజార్‌లో చూశాను, మన గుమ్మడికాయలు చెక్కడానికి మరీ పెద్దవి, తోలు గట్టి, ఎక్కువగా ముక్కలుగానే అమ్ముతున్నారు. ఐర్లండ్‌లో మొదట్లో ఈ మొహాలు టర్నిప్ దుంపల మీదే చెక్కేవాళ్లు, అమెరికా వెళ్లాక గుమ్మడికాయ దొరికి దానికి మారారు, కాబట్టి మనం క్యాప్సికంకి మారినా తప్పేం లేదు. చిన్న కత్తితో కళ్లు, నోరు కోసి, పై మూత తీసి, గింజలు దులిపి, నీలం పులిహోర కూరి మూత పెట్టండి. రంధ్రాల్లోంచి నీలం మెతుకులు కనిపిస్తాయి.

ఈ కిట్ మళ్లీ ఈ ధరకి కొనను. మౌల్డులు, కట్టర్లు బేగంబజార్‌లో బేకరీ సామాన్ల కొట్లలో విడిగా దొరుకుతాయి, అటు వెళ్లే ఓపిక ఉంటే అక్కడే తీసుకోండి, మౌల్డు మీద ఫుడ్ గ్రేడ్ అని ఉందో లేదో, వాసన వస్తుందో లేదో చూసుకోండి. టైమ్ లేనివాళ్లు, ఓవెన్ ఉన్నవాళ్లు, మాంసం తినే ఇళ్లవాళ్లు కొంటే సగం డబ్బులకి విలువ దక్కుతుంది. అమ్మేవాళ్లకి నా విన్నపం: చార్‌కోల్, తియ్య సాస్, ప్లాస్టిక్ సాలీళ్లు తీసెయ్యండి, వెజ్ అని రాస్తే నిజంగా వెజ్జే పెట్టండి, కార్డు తెలుగులో కూడా వెయ్యండి, ఆవిరి మీద చేసే పద్ధతి చేర్చండి, 700 రూపాయలకి ఇవ్వండి, మా బ్లాక్ మొత్తానికి నేనే చెప్పి కొనిపిస్తాను. 2026లో అక్టోబరు 31 శనివారం, దీపావళి నవంబరు 8న, అంటే కార్తీకం ఇంకా మొదలవ్వదు, కాబట్టి ఈసారి మమ్మీల్లో కోడి కీమా కూరే ఆలోచన కూడా ఉంది.

మౌల్డు వాడగానే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి. పళ్ల గీతల్లో పిండి ఎండిందంటే పీచు పెట్టి ఎంత రుద్దినా రాదు, మెత్తటి టూత్‌బ్రష్ ఒకటి దానికోసమే పక్కన పెట్టుకోండి.